టీవీ షెఫ్‌లలో మన వంటింటికి ఎవరిని పిలవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. టీవీలో చూసే షెఫ్‌లలో ముగ్గురిని ఒకరోజు ఇంటికి పిలిచి వండించుకునే వీలుంటే ఎవరిని పిలవాలి, పేరు చూసి పిలవాలా, వాళ్ల వంట చూసి పిలవాలా. ఇంట్లో ఆరుగురు, రెండు బర్నర్ల పొయ్యి, అమ్మగారు శాకాహారి, మిగతావాళ్లు అన్నీ తింటారు. హోటల్ కిచెన్లలో పనిచేసినవాళ్లు చెప్తే బాగుంటుందన్నారు. నేను కూరగాయలు తరగడం దగ్గర మొదలుపెట్టి హైదరాబాద్, విశాఖ హోటళ్లలో చాలాకాలం పనిచేశాను, ఇప్పుడు సొంతంగా చిన్న క్యాటరింగ్ నడుపుతున్నాను. ఈ ప్రశ్న సరదాకి అడిగినట్టున్నా దీనికి గట్టి జవాబు ఉంది, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

పేరున్న రెస్టారెంట్‌లో ఫలానా షెఫ్ చేసిన వంట అని మనం తిన్న ప్లేటు చాలాసార్లు ఆయన చేత్తో వండింది కాదు. మెనూ ఆయన రాశాడు, రుచి ఆయన ఖాయం చేశాడు, పాస్ దగ్గర, అంటే వండిన ప్లేట్లు బయటికి వెళ్లే గట్టు దగ్గర, నిలబడి ప్లేటు చూసి పంపాడు. ఉల్లిపాయ తరిగింది ఒకరు, గ్రేవీ తీసింది ఇంకొకరు, తందూర్ దగ్గర నిలబడేది వేరే మనిషి. ఇందులో మోసం ఏమీ లేదు, పెద్ద కిచెన్ అలాగే నడవాలి, లేకపోతే ఒక్క రాత్రిలో రెండొందల మందికి భోజనం పెట్టలేం. మన ఇండియన్ రెస్టారెంట్లలో పొద్దున్నే ఉల్లిపాయ-టమాటా గ్రేవీ, మఖనీ గ్రేవీ, జీడిపప్పు తెల్ల గ్రేవీ పెద్ద గిన్నెల్లో తయారైపోతాయి, సాయంత్రం ఆర్డర్ రాగానే వాటిని కలుపుకుంటూ పోతే పది నిమిషాల్లో కూర టేబుల్ మీద ఉంటుంది. అదే మనిషిని మీ వంటింట్లో నిలబెడితే ఉల్లిపాయ పొట్టు తీయడం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. మంట సంగతి కూడా అంతే. హోటళ్లలో చైనీస్ వంటకి వాడే పెద్ద పొయ్యి (చైనీస్ రేంజ్) మీద వచ్చే మంట మీ పెద్ద బర్నర్ కన్నా చాలా రెట్లు ఎక్కువ, అందుకే హోటల్ ఫ్రైడ్ రైస్ ఇంట్లో రాదు, ఎవరొచ్చి చేసినా రాదు, అన్నం వెయ్యగానే మూకుడు చల్లబడిపోయి వేగాల్సింది ఆవిరి పట్టి మెత్తబడిపోతుంది.

టీవీది ఇంకో లెక్క. "ఉల్లిపాయలు ఎర్రగా వేయించండి" అంటూనే పక్కనుంచి ఇంకో గిన్నె తీసి చూపిస్తారు, అందులో అప్పటికే వేగి ఉంటాయి. ఆ రంగు రావాలంటే ఇంట్లో మీడియం మంట మీద ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు గరిటె వదలకుండా నిలబడాలి. ఒక్కో దశకి ఒక్కో గిన్నె ముందే వండి పెట్టేవాళ్లు తెర వెనక ఉంటారు, వాళ్ల పని గొప్పది, కానీ వాళ్లు మీ ఇంటికి రారు. పోటీ షోలలో కూడా చూడండి, మాస్టర్‌షెఫ్ లాంటి వాటిలో జడ్జిలు అసలు రుచి చూసేది పోటీదారులు వండుతున్నప్పుడు బెంచీల దగ్గర తిరుగుతూనే, ఎందుకంటే ప్లేటు ముందుకొచ్చి కెమెరాలు సర్దుకునేసరికి అది చల్లారిపోతుంది.

కాబట్టి నేను ఎంచుకునే పద్ధతి ఒక్కటే. టీమూ, పరికరాలూ, స్టూడియో అన్నీ తీసేశాక ఆ మనిషి చేతిలో ఏం మిగులుతుంది? ఒక కత్తి, ఒక పెనం, ఒక గిన్నె, మీ వంటింట్లో ఉన్న సామాను. వీటితో ఎవరు బాగా వండుతారో వాళ్లనే పిలవాలి.

ఈ లెక్కన నా మొదటి పేరు జాక్ పెపాన్. మనవాళ్లలో చాలామందికి తెలియకపోవచ్చు. 1935లో ఫ్రాన్స్‌లోని బూర్-కాన్-బ్రెస్‌లో పుట్టారు, పదమూడేళ్లకే హోటల్ కిచెన్‌లో అప్రెంటిస్‌గా చేరారు, ఫ్రాన్స్ నాయకుడు డి గాల్‌కి వంటచేశారు, 1959లో అమెరికా వెళ్లిపోయారు. అక్కడ కెనడీల వైట్‌హౌస్‌లో వంట ఉద్యోగం ఇస్తామంటే వద్దని హోవర్డ్ జాన్సన్స్ అనే మామూలు హోటళ్ల కంపెనీలో చేరారు. పెద్దవాళ్ల వంటలూ చేశాడు, వేలమంది తినే సాదా భోజనమూ చేశాడు, ఆ రెండూ తెలిసిన చెయ్యి అది. 1974లో పెద్ద కారు ప్రమాదం జరిగి, రోజంతా రెస్టారెంట్ కిచెన్‌లో నిలబడే పని కష్టమై, పాఠాలు చెప్పడం, పుస్తకాలు రాయడం వైపు వచ్చారు. ఆ తర్వాత అమెరికా పబ్లిక్ టెలివిజన్‌లో ఏళ్ల తరబడి షోలు చేశారు. కోవిడ్ రోజుల్లో సొంత ఇంటి వంటింట్లోంచే, ఫ్రిజ్‌లో మిగిలినవాటితో చిన్న చిన్న వీడియోలు చేసి పెట్టారు.

ఆయన ఆమ్లెట్ చేసే వీడియో ఒక్కటి చూడండి, నేను ఎందుకంటున్నానో తెలుస్తుంది. మూడు గుడ్లు ఫోర్క్‌తో తెల్లసొన దారాలు కనపడకుండా కలుపుతారు. పెనంలో వెన్న కరిగి నురుగొచ్చాక గుడ్లు పోసి ఎడమ చేత్తో పెనం ముందుకీ వెనక్కీ ఊపుతూ, కుడి చేత్తో ఫోర్క్‌ని ఆపకుండా తిప్పుతారు. గుడ్డు సన్నటి ముద్దలుగా కట్టుకుంటుంది, పూర్తిగా గట్టిపడకముందే పెనం వంచి అంచుకి చేర్చి, మడిచి, ప్లేటులోకి బోర్లిస్తారు. పైన ఎక్కడా గోధుమ రంగు మచ్చ ఉండదు, లోపల మెత్తగా, కాస్త తడిగా ఉంటుంది. మొత్తం నిమిషం పట్టదు. అదే వీడియోలో ఇంకో రకం, అంచులు ఎర్రగా కాలిన పల్లెటూరి ఆమ్లెట్ కూడా చేసి చూపిస్తారు, ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా కాదు, రెండూ వేర్వేరు అంటారు. హోటల్ కిచెన్‌లో కొత్త కుక్‌ని ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆమ్లెట్ వెయ్యమని అడగడం పాత అలవాటు. గుడ్డులో దాక్కోవడానికి ఏమీ ఉండదు, మసాలా లేదు, గ్రేవీ లేదు, మంట ఎంతుందో తెలియాలి, చెయ్యి ఎప్పుడు ఆపాలో తెలియాలి. ఈయనకి మీ రెండు బర్నర్లలో ఒకటి చాలు. పొద్దున్న టిఫిన్ ఈయనకి అప్పజెప్పండి.

ఈయనతో కలిసి 1999లో షో చేసిన అమెరికా టీవీ వంటలావిడ జూలియా చైల్డ్ 2004లో పోయారు, లేకపోతే ఆవిడ పేరు కూడా రాసేవాణ్ణి. ఆవిడ లైవ్‌లో కోడిని కింద పడేసి మళ్లీ తీసి వండారని ఒక కథ తిరుగుతూ ఉంటుంది. అది నిజం కాదు. జరిగింది ఆలుగడ్డ అట్టు తిరగెయ్యబోతే సగం పొయ్యి మీద పడటం. దాన్ని ఎత్తి పెనంలో సర్ది, వంటింట్లో ఒక్కరే ఉన్నప్పుడు చూసేదెవరు అనేసి ముందుకెళ్లిపోయారు. 1963 నుంచి ఆ ధైర్యాన్నే ఇంటింటికీ నేర్పారు.

రెండో పేరు రణ్‌వీర్ బ్రార్, మధ్యాహ్నం భోజనానికి. లక్నో మనిషి, హోటల్ మేనేజ్‌మెంట్ చదవకముందే మునీర్ ఉస్తాద్ దగ్గర కబాబుల పని నేర్చుకున్నారు, మొదట్లో బొగ్గు మోసే పని చేశానని ఆయనే చెబుతుంటారు. మాస్టర్‌షెఫ్ ఇండియా జడ్జి అనో మాటకారి అనో మాత్రమే చూడకండి, చేతులు చూడండి. నేను ఈయన్ని ఎంచుకోవడానికి కారణం మీ ఇంటి పరిస్థితే. లక్నో గలౌటి కబాబ్‌కి తందూర్ అక్కర్లేదు. ఖీమాని వీలైనంత మెత్తగా చేసి, పచ్చి బొప్పాయి పట్టించి, వేయించిన శనగపిండి, మసాలా కలిపి, వెడల్పాటి పెనం మీద నెయ్యితో సన్నటి మంట మీద కాల్చాలి. పొగ వాసన కోసం గిన్నె మధ్యలో ఎర్రటి బొగ్గు ముక్క ఒకటి పెట్టి దానిమీద నెయ్యి చుక్కలు వేసి వెంటనే మూత పెడతారు, దీన్ని వాళ్లు ధుంగార్ అంటారు. ఒక్క బొగ్గు ముక్క, ఒక పెనం, అంతే. కష్టమంతా పిండి కలిపే చేతిలో ఉంది, తడి ఎక్కువైతే పెనం మీద విడిపోతుంది, గట్టిగా ఉంటే అది గలౌటి కాదు, మామూలు షామీ కబాబ్ లాగా అయిపోతుంది.

పైగా మీ అమ్మగారికి కూడా ఇందులో దారి ఉంది. లక్నోలో కందతో కూడా కబాబులు చేస్తారు. కంద మన ఇళ్లకి కొత్త కాదు, చింతపండు పులుసుతో ఉడికిస్తే దురద పోతుందని మీ అమ్మగారికి తెలిసే ఉంటుంది. ఉడికించి, నీరు పూర్తిగా వాడ్చి, మెత్తగా మెదిపి అదే మసాలాతో వేరే పెనం మీద కాల్చి పెట్టమనండి. ఇంట్లో ఒకరు శాకాహారి అయినప్పుడు వాళ్లకి చివర్లో పనీర్ ముక్కలు నాలుగు వేయించి పెట్టడం నాకు అస్సలు నచ్చదు. క్యాటరింగ్‌లో రోజూ చూస్తుంటాను, మాంసం వంటకి గంటలు ఖర్చుపెట్టి శాకాహారం దగ్గరికొచ్చేసరికి చేతులు దులిపేసుకుంటారు. అమ్మగారి ప్లేటులో కూడా అంతే శ్రమ కనపడాలి.

చాలామంది ఇక్కడ హైదరాబాదీ దమ్ బిర్యానీ అడుగుతారు. అడగొచ్చు, రెండు బర్నర్ల పొయ్యి మీద కిలో మాంసంతో బ్రహ్మాండంగా వస్తుంది, అడుగున దళసరి పెనం పెట్టి మూత చుట్టూ గోధుమపిండి అంటించి సన్నటి మంట మీద వదిలేస్తే చాలు. పచ్చి మాంసం పెరుగులో నానాలి, బియ్యం ముప్పావు వంతు ఉడకాలి, మధ్యలో మూత తియ్యకూడదు. కానీ దానికోసం టీవీ షెఫ్ ఎందుకు? పాతబస్తీ పెళ్లిళ్లలో వండే ఉస్తాదులు ఎవరినైనా మించి వండుతారు.

రాత్రి భోజనానికి మూడో పేరు మన మనిషే, సంజయ్ తుమ్మ. వాహ్ చెఫ్ అంటే విదేశాల్లో ఉన్న మన పిల్లలు ఎక్కువగా గుర్తుపడతారు, 2007లో యూట్యూబ్ అంటేనే చాలామందికి తెలియని రోజుల్లో మొదలుపెట్టారు, అమెరికా హాస్టల్ గదుల్లో ఎంతమంది ఆ వీడియోలు పెట్టుకుని పప్పుచారు కాచుకున్నారో. 2021లో జెమినీ టీవీలో తెలుగు మాస్టర్‌షెఫ్ వచ్చినప్పుడు చలపతిరావు గారితో పాటు జడ్జిగా ఉన్నారు. ఆయనలో నాకు నచ్చేది, ఏది ఎప్పుడు వెయ్యాలో చెప్పి ఊరుకోరు, అప్పుడే ఎందుకు వెయ్యాలో కూడా చెబుతారు. ఆవాలు చిటపటమన్నాకే జీలకర్ర ఎందుకు, కారం వేసేముందు మంట ఎందుకు తగ్గించాలి, చింతపండు పోస్తే కూరగాయ ఉడకడం ఎందుకు నెమ్మదిస్తుంది. కారణం తెలిసిన మనిషి కొత్త వంటింట్లో, కొత్త గిన్నెలతో తడబడడు.

మన తెలుగు వంటని బయటి షెఫ్‌తో చేయించుకోవడం కష్టమైన పరీక్ష అని నాకు తెలుసు. టమాటా పప్పు, గోంగూర, చేపల పులుసు, ఇవి ప్రతి నోటికీ చిన్నప్పుడే ఒక కొలత పడిపోయి ఉంటాయి. గుంటూరు ఇంట్లో కారం వేరు, గోదావరి ఇంట్లో పులుసులో బెల్లం వేరు, వరంగల్ వైపు ఇంట్లో అన్నం పక్కన ఉండేవి వేరు. అందుకే పిలిచిన షెఫ్ మీ అమ్మగారిని కూర్చోబెట్టి, మీ ఇంట్లో పోపు ఎలా పెడతారండీ అని అడిగే మనిషి అయ్యుండాలి. చలపతిరావు గారు కూడా ఈ పనికి సరిగ్గా సరిపోతారు, హైదరాబాద్‌లో సింప్లీ సౌత్ అనే రెస్టారెంట్ పెట్టి దక్షిణాది ఇళ్ల వంటని పెద్ద టేబుళ్ల మీదకి తెచ్చిన మనిషి. ఇద్దరిలో ఎవరొచ్చినా మీకు లోటుండదు, ఒక్కరే అంటే మాత్రం ఆరుగురి ఇంటికి నేను తుమ్మ గారి పేరే చెబుతాను.

మస్తానమ్మ గారి గురించి రాయకుండా ఉండలేను. ఆవిడ టీవీ షెఫ్ కాదు, గుంటూరు జిల్లా ముసలమ్మ, కంట్రీ ఫుడ్స్ అనే యూట్యూబ్ చానల్‌లో పొలం గట్టున కట్టెల పొయ్యి మీద వండేవారు, నూరేళ్లు దాటాయని ఇంట్లోవాళ్లు చెప్పేవారు, 2018 డిసెంబర్‌లో కన్నుమూశారు. పుచ్చకాయలో చికెన్ వండిన వీడియో లక్షలమంది చూశారు. కత్తిపీట కూడా పక్కన పెట్టి అల్లం పొట్టు గోళ్లతో గీరేసేవారు. మంట పెంచాలంటే కట్టె లోపలికి, తగ్గించాలంటే బయటికి. కొలతలన్నీ గుప్పిట్లోనే. కిచెన్ లేకపోతే చేతిలో ఏం మిగులుతుంది అన్న నా ప్రశ్నకి ఆవిడని మించిన జవాబు నాకు ఎక్కడా దొరకలేదు. ఉండుంటే ముగ్గురి బదులు ఆవిడ ఒక్కరినే పిలవమనేవాణ్ణి.

గోర్డన్ రామ్సే పేరు మీరే రాశారు. వంటలో ఆయన్ని తక్కువ చేసే అర్హత నాకు లేదు, లండన్‌లో ఆయన రెస్టారెంట్ 2001 నుంచి మూడు మిషెలిన్ స్టార్లు (మంచి రెస్టారెంట్లకి మిషెలిన్ గైడ్ ఇచ్చే గుర్తింపు) నిలబెట్టుకుంటోంది. కానీ ఆయన గొప్పతనం ఎక్కువగా ఒక కిచెన్‌ని నడిపించడంలో ఉంది, వందలమందికి ఒకే నాణ్యత తప్పకుండా పంపించడంలో ఉంది. మీ ఇంట్లో నడిపించడానికి మనుషులు లేరు. ఆయన గుడ్డు పొరటు మాత్రం నిజంగా నేర్చుకోదగ్గది, గిన్నెని మంట మీద పెడుతూ తీస్తూ కలుపుతారు, ఉప్పు చివర్లో వేస్తారు. ఇంగ్లండ్ షెఫ్ హెస్టన్ బ్లూమెంథాల్ అయితే ఇంకా కష్టం. ఆయన ఆలుగడ్డ చిప్స్‌నే (మనం ఫ్రెంచ్ ఫ్రైస్ అనేలాంటివి) ఒకసారి ఉడికించి, ఆరబెట్టి, తక్కువ వేడి నూనెలో ఒకసారి, ఎక్కువ వేడిలో ఇంకోసారి వేయిస్తారు. తింటే మర్చిపోలేం, కానీ మీ రెండు బర్నర్లూ పూటంతా ఆ చిప్స్‌కే సరిపోతాయి.

మీరు విశాఖలో ఉండుంటే ఒక పేరు మార్చేవాణ్ణి, చేపకోసం ఇంగ్లండ్ టీవీ షెఫ్ రిక్ స్టీన్‌ని పిలవమనేవాణ్ణి. ఇంగ్లండ్‌లో పాడ్‌స్టో అనే చిన్న రేవు ఊళ్లో 1975 నుంచి చేపల రెస్టారెంట్ నడుపుతున్నారు, చేప తాజాగా ఉంటే దానికి ఎంత తక్కువ చేస్తే అంత మంచిదన్నది ఆయన పద్ధతి. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వంజరమో చందువో తెచ్చుకుని ఆయన చేతికిస్తే ఏం చేస్తారో చూడాలని నాకే ఉంది.

అమ్మగారి కోసమే ఈ రోజంతా అయితే, అంటే పుట్టినరోజో షష్టిపూర్తో అయితే, నా జాబితా పక్కన పెట్టి సంజీవ్ కపూర్‌ని పిలవండి. 1993లో జీ టీవీలో ఖానా ఖజానా మొదలైనప్పుడు హిందీ సరిగ్గా రాని మన ఇళ్లలో కూడా ఆదివారం పూట నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నవాళ్లున్నారు. ఆయనదే షామ్ సవేరా అనే వంట ఉంది, పాలకూర ముద్దలో పనీర్ ఉండ పెట్టి నూనెలో వేయించి, రెండుగా కోసి టమాటా గ్రేవీ మీద పెడతారు, పచ్చటి అంచులో తెల్లటి గుండ్రం కనిపిస్తుంది. ఒక బర్నర్ మీద నూనె, ఇంకోదాని మీద గ్రేవీ, మీ పొయ్యికి అచ్చంగా సరిపోయే వంట. మాంసం లేదన్న లోటు ఎవరికీ తెలియదు.

ఇక వీళ్లెవరూ రారు కదా, నిజంగా ఎవరినైనా హోమ్ షెఫ్‌ని పిలుద్దామనుకుంటున్నాం అని చివర్లో రాశారు. ఎంపికకి పైన చెప్పిన పద్ధతే పనికొస్తుంది. ఇన్‌స్టాలో ప్లేటు ఫొటోలు చూసి అడ్వాన్స్ ఇవ్వకండి. ముందురోజు ఒక గంట వచ్చి మీ వంటింట్లో పప్పు, ఒక వేపుడు, కావాలంటే ఆమ్లెట్ చెయ్యమనండి, దానికి డబ్బు ఇవ్వండి, ఊరికే చేయించుకోకండి. వచ్చిన మనిషి పొయ్యి వెలిగించి మంట చూశాడా, మీ గిన్నెలు ఎత్తి బరువు చూశాడా, ఉప్పు వేశాక రుచి చూశాడా, వాడిన చెంచా మళ్లీ కూరలో పెట్టాడా, గట్టు తుడుచుకుంటూ పనిచేశాడా, ఇవి గమనించండి. "నాకు నాలుగు బర్నర్లు కావాలి, ఇద్దరు హెల్పర్లు కావాలి" అంటే అది తప్పు కాదు, ఆయన అలవాటు అది, కానీ మీ ఇంటికి సరిపోడు. ఆరుగురికి ఎనిమిది తొమ్మిది రకాల మెనూ రాసుకొచ్చినా వద్దనండి, రెండు బర్నర్ల మీద అన్ని రకాలంటే సగం చల్లారినవే తింటారు. నాలుగు రకాలు, అన్నం, పెరుగు చాలు. సరుకులు ఎవరు తేవాలో, మాంసం ఏ కొట్లో కొనాలో, అమ్మగారి వంటకి కత్తి, పలక, పెనం వేరుగా ఉంటాయో లేదో ముందే మాట్లాడుకోండి. గిన్నెలు ఎవరు కడుగుతారో కూడా అప్పుడే తేల్చుకోండి, ఎక్కువ గొడవలు అక్కడే వస్తాయి. సిలిండర్ మధ్యలో అయిపోతే రెండోది నిండుగా ఉందా లేదా ముందురోజే చూసుకోండి.